చెడ్డ బ్యాక్టీరియా చచ్చింది సరే, మంచి బ్యాక్టీరియా సంగతేంటి?

మొక్కల్లోని రసాయనాలు పేగుల్లోని బ్యాక్టీరియా మీద ఎలా పనిచేస్తాయో పరిశోధిస్తున్న వాళ్లందరికీ, ఆ పేపర్లు అచ్చువేసే సైన్సు పత్రికల సంపాదకులకీ బహిరంగ లేఖ.

నమస్కారం.

నేను సైంటిస్టును కాను. డిగ్రీలో జీవశాస్త్రం చదివాను, ఆ తర్వాత ఉద్యోగం వేరే దారిలో పడింది. అయినా గత రెండేళ్లుగా రాత్రి పనులన్నీ అయ్యాక కూర్చుని మీ పేపర్లే చదువుతున్నాను, అర్థం కాని మాట వస్తే ఆగి వెతుక్కుని మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను. మీతో గొడవ పెట్టుకోవాలని ఈ ఉత్తరం రాయడం లేదు. మీ పని మీద నాకు చాలా గౌరవం ఉంది. ఒక మొక్కలోంచి ఆర్టెమిసినిన్ తీసి మలేరియాకి మందు అందించినందుకే కదా చైనా సైంటిస్టు తు యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. మొక్కల్లో మందు ఉందా అన్న అనుమానం నాకు ఎప్పుడూ లేదు. నా బాధ మీ పేపర్లలో కనిపించే ఒక పట్టిక గురించి. ఏ బ్యాక్టీరియా మీద పరీక్షించారో వరసగా పేర్లు రాస్తారే, ఆ పట్టిక గురించి.

ముందు నాకెందుకు ఇంత పట్టింపో చెప్పాలి. మా నాన్నకి న్యుమోనియా వచ్చి గట్టి యాంటీబయాటిక్స్ వాడాల్సి వచ్చింది. వాటివల్లే బతికారు, అందులో రెండో మాట లేదు. కానీ మందులు ఆపిన వారానికే విరేచనాలు పట్టుకున్నాయి, రోజుకి పది పన్నెండు సార్లు, మంచం దిగి నాలుగడుగులు వేయలేనంత నీరసం. పరీక్ష చేస్తే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అని తేలింది. యాంటీబయాటిక్స్ వల్ల పేగులో మిగతా బ్యాక్టీరియా పోయి జాగా ఖాళీ అయితే, ఆ ఖాళీలో ఇది పెరిగి విషం వదులుతుందని డాక్టరు చెప్పారు. దానికి వాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గింది. ఇంటికొచ్చాక బాగా కావలసినవాళ్లు ఒకరు ప్రేమగా మొక్కల నూనెల క్యాప్సూల్స్ తెచ్చిచ్చారు. చెడ్డ బ్యాక్టీరియాను చంపుతుంది, మంచి బ్యాక్టీరియా జోలికి పోదు, ల్యాబ్‌లో రుజువైంది అని డబ్బా మీద రాసి ఉంది. నా చేత్తోనే రోజూ రెండు పూటలా ఇచ్చాను. నాలుగో వారంలో జబ్బు తిరగబెట్టింది.

ఆ క్యాప్సూల్ వల్లే తిరగబెట్టిందని నేను అనను. ఈ జబ్బు తిరగబెట్టడం మామూలేనని డాక్టర్లు ముందే చెప్పారు. కానీ ఆ రోజు నుంచి నాకు ఒకటే ప్రశ్న పట్టుకుంది. "మంచి బ్యాక్టీరియా జోలికి పోదు" అని ఎవరు పరీక్షించారు, ఏ బ్యాక్టీరియా మీద, ఎంత డోసులో? ఆ జవాబు వెతుక్కుంటూనే మీ పేపర్ల దగ్గరికి వచ్చాను.

నేను చదివినవాటిలో ఎక్కువ పేపర్లలో కనిపించినవి ఇవే పేర్లు: ఇ. కోలై, స్టాఫిలోకాకస్ ఆరియస్, సాల్మొనెల్లా, సూడోమోనాస్. ఒక మొక్క సారం తీసుకుంటారు, ల్యాబు ప్లేటులో పెంచిన ఈ నాలుగైదింటి మీద వేస్తారు, చుట్టూ ఎంత మేర పెరుగుదల ఆగిందో కొలుస్తారు, పేగు ఆరోగ్యానికి ఆశాజనకం అని ముగిస్తారు. పేగులో మేలు చేసేవాటిలో బైఫిడోబ్యాక్టీరియా లేదు, రోజ్‌బ్యూరియా లేదు, ఫీకలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జియై లేదు. పెద్దపేగు గోడలోని కణాలు ముఖ్యంగా బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం మీద బతుకుతాయి, ఆ బ్యూటిరేట్‌ని తయారుచేసి పెట్టే బ్యాక్టీరియాలో ఈ చివరి రెండూ ముందుంటాయి. వాటి పేరే ఎత్తకుండా పేగు ఆరోగ్యం అనే మాట ఎలా రాయగలుగుతున్నారు?

కారణం నాకు తెలియకపోలేదు. ఇ. కోలైని మామూలు గాలిలో, మామూలు పోషక ద్రావణంలో పెడితే తెల్లారేసరికి కుప్పలుగా పెరుగుతుంది. పేగులోని మంచి బ్యాక్టీరియాలో చాలావాటికి ఆక్సిజన్ తగిలితే చాలు, చచ్చిపోతాయి. వాటిని పెంచాలంటే గాలి చొరబడని ప్రత్యేకమైన పెట్టె కావాలి, ఓపిక కావాలి, డబ్బు కావాలి. చిన్న ల్యాబులకి ఇది కష్టమని ఒప్పుకుంటాను. అయితే కష్టమైంది కాబట్టి చేయలేదు అని పేపర్లో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం లేకపోతే డబ్బా మీద రాసేవాడు, చేయని పరీక్షని కూడా చేసినట్టే రాసేస్తాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వాములోనూ థైమ్ మొక్కలోనూ ఉండే థైమాల్, ఒరెగానోలో ఉండే కార్వక్రాల్ తీసుకోండి. ఇవి బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే పొరలోకి దూరి దాన్ని చెడగొడతాయి, లోపలివన్నీ బయటికి కారిపోయి కణం చస్తుంది. మరి పొర అన్నది చెడ్డ బ్యాక్టీరియాకి మాత్రమే ఉండదు కదా. వెల్లుల్లి సంగతీ అంతే. రెబ్బని నలిపినప్పుడు అల్లినేజ్ అనే ఎంజైము పనిచేసి అల్లిసిన్ పుడుతుంది, అది బ్యాక్టీరియా ఎంజైముల్లోని గంధకపు భాగాలకి అతుక్కుని వాటిని ఆపేస్తుంది. అలాంటి భాగాలు అన్ని జీవుల ఎంజైముల్లోనూ ఉంటాయి. కాబట్టి ఒక రసాయనం మంచిదాన్ని వదిలి చెడ్డదాన్నే పట్టుకుంటుందంటే, అది ఎందుకలా చేస్తుందో కారణం చూపించాలి. అలా చేసేవి నిజంగా ఉండొచ్చు. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే మేలు చేసే బ్యాక్టీరియా, మొక్కల్లో వగరు తెచ్చే టానిన్లని విరగ్గొట్టే ఎంజైము తనే తయారుచేసుకుంటుంది, అందుకే వేరే బ్యాక్టీరియా ఇబ్బంది పడే చోట అది తట్టుకోగలదు. ఇలాంటి కారణం చూపిస్తే నేను నమ్ముతాను, ఎవరైనా నమ్ముతారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన విషయం ఇంకోటి ఉంది. గ్రామ్ అనే రంగు పరీక్షతో బ్యాక్టీరియాని పాజిటివ్, నెగటివ్ అని రెండు గుంపులు చేస్తారు. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకి బయట అదనంగా ఇంకో పొర ఉంటుంది, లోపలికి వచ్చినదాన్ని బయటికి తోసేసే పంపులు కూడా ఉంటాయి, అందువల్ల మొక్కల రసాయనాల్లో చాలా వాటికి అవి అంత తేలిగ్గా లొంగవని మీరే రాశారు. సాల్మొనెల్లా, షిగెల్లా, ఇ. కోలై గ్రామ్ నెగటివ్. బైఫిడోబ్యాక్టీరియా, లాక్టోబాసిల్లస్ గ్రామ్ పాజిటివ్. అంటే ఒక సారం సాల్మొనెల్లాని చంపేంత మోతాదుకి వచ్చేసరికి, మంచివాటిలో కొన్ని అంతకుముందే పోయి ఉండే అవకాశం లేదా? కలుపు తీయబోయి పైరు పీకినట్టు అవుతుందేమో అన్న భయం నాది. అలా జరుగుతోందని నేను చెప్పడం లేదు. కొలిస్తే గానీ తెలియదు, కొలవగలిగినవాళ్లు మీరు.

మా నాన్న జబ్బు దగ్గరైతే ఇది ఇంకా చిక్కు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్‌ని 2016 దాకా క్లాస్ట్రిడియం అనే పిలిచేవాళ్లు. దాని బంధువర్గంలోనే క్లాస్ట్రిడియం సిండెన్స్ అని ఒకటి ఉంది. అది కొవ్వు అరగడానికి కాలేయం నుంచి పేగులోకి వచ్చే పైత్య ఆమ్లాలని మార్చి, డిఫిసిల్ పెరగకుండా అడ్డం పడుతుందని 2015లో బయటపడింది. దొంగా కాపలావాడూ ఒకే ఇంటిపేరు వాళ్లన్నమాట. ఒక మొక్క రసాయనం డిఫిసిల్‌ని ఆపిందని మీరు రాసినప్పుడు, అదే ప్లేటు పక్కన సిండెన్స్‌ని కూడా పెట్టి చూశారా అని అడిగే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. ఈ జబ్బులో మిగతా బ్యాక్టీరియా ఎంత ముఖ్యమో 2013లో నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగం చూపించింది. ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాని రోగుల పేగులోకి ఎక్కిస్తే, 16 మందిలో 13 మందికి మొదటిసారికే నయమైంది. వాంకోమైసిన్ ఒక్కటే ఇచ్చిన 13 మందిలో నయమైంది నలుగురికి. వాళ్లకీ ముందు కొద్దిరోజులు వాంకోమైసిన్ ఇచ్చారు, కానీ తేడా తెచ్చింది ఇంకా చంపడం కాదు, పోయినవాటిని తిరిగి నిలబెట్టడం. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేను ఇంట్లో సరిగ్గా దీనికి ఎదురు పని చేశానేమో అనిపించింది.

డోసు గురించి కూడా మాట్లాడుకోవాలి. ప్లేటు మీద ఒక మిల్లీలీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అని వేస్తారు. మనిషి మింగిన క్యాప్సూల్లోంచి పెద్దపేగు దాకా ఎంత చేరుతుంది? పందిపిల్లల్లో చూస్తే థైమాల్, కార్వక్రాల్ దాదాపు మొత్తం జీర్ణాశయంలోనూ చిన్నపేగు మొదట్లోనూ పీల్చుకుపోయాయి. మనుషుల్లోనూ అలాగే అయితే ఆ నూనె పెద్దపేగులో మంచీ చేయదు, చెడూ చేయదు. బెర్బరిన్ దీనికి పూర్తిగా ఎదురు. మానుపసుపు లాంటి మొక్కల్లో ఉండే ఈ పసుపు పచ్చని పదార్థం రక్తంలోకి చాలా కొద్దిగా వెళ్తుంది, మిగిలిందంతా పేగులోనే ఉండిపోయి అక్కడి బ్యాక్టీరియాతో తలపడుతుంది. ఈ రెంటినీ కలిపి మొక్కల నుంచి వచ్చిన యాంటీబ్యాక్టీరియల్స్ అని ఒకే గాటన కట్టేస్తే చదివేవాళ్లకి ఏం అర్థమవుతుంది?

బెర్బరిన్ కథ నాకు చాలా ఇష్టం, మీలో చాలామందికి తెలిసిందే అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను. బెర్బెరిస్ మొక్కలు బెర్బరిన్‌తో పాటు ఇంకో పదార్థాన్ని కూడా తయారుచేస్తాయి. ఆ రెండోది సొంతంగా బ్యాక్టీరియాని ఏమీ చేయదు. కానీ స్టాఫిలోకాకస్ తన పంపుతో బెర్బరిన్‌ని బయటికి తోసేయకుండా ఆ పంపుకి అడ్డం పడుతుంది. 2000లో ఈ సంగతి బయటపడింది. ఒకే మొక్కలో ఆయుధమూ ఉంది, ఆ ఆయుధానికి దారి తెరిచే తాళంచెవీ ఉంది. మరి బెర్బరిన్‌ని విడిగా తీసి క్యాప్సూల్‌లో నింపితే ఆ తాళంచెవి ఏమైనట్టు? మొత్తం మొక్క సారమైతే, ఆ పంపుకి పడిన అడ్డం మంచి బ్యాక్టీరియాకీ పడుతుందా? అదీగాక పేగు బ్యాక్టీరియా బెర్బరిన్‌ని డైహైడ్రోబెర్బరిన్‌గా మారుస్తాయని, ఆ రూపంలో అది ఇంకాస్త తేలిగ్గా శరీరంలోకి వెళ్తుందని 2015లో తేలింది. అంటే బెర్బరిన్ బ్యాక్టీరియాని దెబ్బతీస్తుంది, అదే బ్యాక్టీరియా బెర్బరిన్‌ని మారుస్తుంది. ఎవరు ఎవరిమీద పనిచేస్తున్నారో విడదీసి చెప్పడం కష్టం.

ఈ రెండో వైపు గురించి మీ పేపర్లలో ఇంకా తక్కువ కనిపిస్తోంది. డిగాక్సిన్‌ని చూడండి, డిజిటాలిస్ మొక్క నుంచి వచ్చే గుండె మందు. ఆ జాతి మొక్కల గుణం గురించి ఇంగ్లండ్ డాక్టరు విలియం విదరింగ్ 1785లోనే పుస్తకం వేశాడు. పేగులో ఎగర్తెల్లా లెంటా అనే బ్యాక్టీరియా ఉన్నవాళ్లలో కొందరికి ఆ మందు పేగులోనే నిర్వీర్యమైపోతుంది. అలాంటివాళ్లకి వేరే జబ్బుకి యాంటీబయాటిక్ ఇస్తే, ఆ బ్యాక్టీరియా తగ్గిపోయి, రక్తంలో డిగాక్సిన్ ఒక్కసారిగా పెరిగిపోయే ప్రమాదం ఉందని 1981లోనే గమనించారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. సునాముఖి ఆకు తీసుకోండి, అందులోని సెన్నోసైడ్లు మామూలు రూపంలో పెద్దగా పనిచేయవు, పెద్దపేగు బ్యాక్టీరియా వాటిని విరగ్గొట్టాకే విరేచనం అవుతుంది. దానిమ్మలో ఉండే ఎలాజిటానిన్లు అనే పదార్థాల నుంచి యూరోలిథిన్లు అనే వేరే పదార్థాలు తయారుచేసే బ్యాక్టీరియా కొందరి పేగుల్లో ఉంటుంది, కొందరిలో అసలు ఉండదు. సోయా నుంచి ఈక్వాల్ అనే పదార్థం తయారయ్యేదీ అందరిలో కాదు. కాబట్టి ఒక మొక్క సారం సగటున ఇంత మేలు చేసిందని రాసేసి ఊరుకుంటే, ఆ సగటు వెనక ఎవరికి బాగా పనిచేసింది, ఎవరికి ఏమీ పనిచేయలేదు అన్నది పోతుంది. నాకు ఆ సగటు కన్నా మా నాన్న ఏ గుంపులోకి వస్తారో తెలుసుకోవడం ముఖ్యం.

ఇంకో మాట. మంచి, చెడు అని మీరే అంటున్నారు, నేను కూడా ఈ ఉత్తరంలో అలాగే రాస్తూ వచ్చాను, వేరే మాట దొరక్క. కానీ ఇ. కోలై అనగానే చెడ్డది అని రాసేయడం సరికాదు. మన పేగుల్లో ఉండే ఇ. కోలైలో ఎక్కువ భాగం ఎవరి జోలికీ పోదు. ఓ157:హెచ్7 రకం రక్త విరేచనాలు తెప్పిస్తుంది. అదే జాతిలో నిస్లే 1917 అనే రకాన్ని, ఆల్ఫ్రెడ్ నిస్లే మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఒక సైనికుడి నుంచి తీశాడు, దాన్ని ఇప్పటికీ ప్రోబయాటిక్‌గా, అంటే మేలు కోసం మింగే బ్యాక్టీరియాగా వాడుతున్నారు. 2004లో కనుక్కున్న అక్కర్‌మాన్సియా ముసినిఫిలా పేరు ఇప్పుడు ప్రతిచోటా మంచి బ్యాక్టీరియా అనే వినిపిస్తోంది, ద్రాక్ష, క్రాన్‌బెర్రీల్లోని పాలీఫినాల్స్ అనే రసాయనాలు ఇచ్చిన ఎలుకల్లో అది పెరిగిందని అందరూ సంతోషిస్తున్నారు. కానీ 2016లో వచ్చిన ఇంకో ఎలుకల ప్రయోగంలో, తిండిలో పీచు లేకుండా చేస్తే పేగు గోడ మీది జిగురు పొరని తినేసిన బ్యాక్టీరియాలో అదీ ఉంది. పీచు అందితే ఒకలా, అందకపోతే ఇంకోలా. అందుకని దయచేసి జాతి పేరుతో ఆగకండి, ఏ రకమో రాయండి, ఆ పూట దానికి ఏం తిండి దొరికిందో కూడా రాయండి.

(ఎలుకల్లో తేలింది మనుషుల్లో తేలినట్టు కాదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. శీర్షికలో ఆ మాట పెట్టమని మాత్రం సంపాదకుల్ని అడుగుతున్నాను.)

ఇదంతా ఎవరూ చేయలేని పనేమీ కాదని నాకు తెలుసు. 2018లో హైడెల్‌బర్గ్‌లోని యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ ల్యాబొరేటరీ వాళ్లు వెయ్యికి పైగా మందుల్ని తీసుకుని, ఒక్కోదాన్నీ పేగులో మామూలుగా ఉండే 40 రకాల బ్యాక్టీరియా మీద గాలి తగలని చోట పరీక్షించారు. యాంటీబయాటిక్స్ కాని మందుల్లో, మనిషి శరీరం మీద పనిచేయాల్సిన వాటిలో 24 శాతం కనీసం ఒక్క బ్యాక్టీరియానైనా పెరగకుండా ఆపాయి. బీపీ మందో, ఇంకేదో అనుకుని వేసుకునేది పేగులో ఇంకో పని కూడా చేస్తోందని అప్పుడు గానీ తెలియలేదు. అలాంటి పెద్ద పట్టిక, అదే 40 రకాలతో, మార్కెట్లో క్యాప్సూళ్లుగా వస్తున్న మొక్కల రసాయనాలన్నిటికీ నాకు కావాలి. థైమాల్, కార్వక్రాల్, బెర్బరిన్, అల్లిసిన్, పసుపులోని కర్క్యుమిన్, గ్రీన్ టీ కాటెకిన్లు, ఇలా ఒక్కొక్కటీ. ఏ డోసులో ఏది ఆగింది, ఏది పెరిగింది, ఏది అసలు పట్టించుకోలేదు. ఒకే ల్యాబు చేయలేకపోతే పంచుకోండి. దేన్నీ చంపలేదని తేలితే దాన్ని కూడా అచ్చువేయండి, ఆ ఫలితం నాలాంటివాళ్లకి బంగారం.

మొక్కది కాబట్టి పరవాలేదు అని చాలామంది అనుకుంటారు, మీరు కూడా పేపర్ మొదట్లో "సహజమైనది, సురక్షితమైనది" అని అలవాటుగా రాసేస్తున్నారు. కాచుకుని తాగే గ్రీన్ టీ వేరు, అందులోంచి పిండి తీసిన ఈజీసీజీ అనే కాటెకిన్ మాత్ర వేరు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో సప్లిమెంట్ల ద్వారా రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకున్నవాళ్ల రక్తంలో కాలేయం దెబ్బతిన్నట్టు చూపే ఎంజైములు పెరిగాయని చెప్పింది. మోతాదు మారితే మొక్క పదార్థం తీరే మారిపోతుందని కాలేయం విషయంలో ఒప్పుకున్నాం కదా, పేగులో ఉన్న బ్యాక్టీరియా విషయంలో ఎందుకు ఒప్పుకోవడం లేదు?

సంపాదకులకి విడిగా ఒక విన్నపం. మొక్క సారం పేగు ఆరోగ్యానికి మంచిది అని ముగించే ప్రతి పేపర్‌నీ మూడు ప్రశ్నలు అడగండి. మేలు చేసే బ్యాక్టీరియాలో వేటిని పరీక్షించారు, చెడ్డదాన్ని ఆపిన అదే డోసులో వాటికి ఏమైంది, మనిషి మింగితే ఆ డోసు పేగుకి చేరుతుందా. జవాబు లేకపోతే పేపర్‌ని తిరగ్గొట్టమని అనడం లేదు, పేగు ఆరోగ్యం అన్న మాట తీసేసి, ప్లేటు మీద ఇంత జరిగింది అని మాత్రమే రాయించండి. డబ్బాల మీద రాసేవాళ్లు మీ చివరి పేరా నుంచే మాటలు ఎత్తుకుంటున్నారు.

నాన్న ఇప్పుడు బాగున్నారు. నడుస్తున్నారు, తింటున్నారు, నేను ఏ క్యాప్సూల్ చేతిలో పెట్టినా ఇదేంటమ్మా అని అడిగి తెలుసుకున్నాకే వేసుకుంటున్నారు. ఆ పాత డబ్బా నా బల్ల సొరుగులోనే ఉంది. దాని మీద ఉన్న ఆరు మొక్కల రసాయనాల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, పక్కన బైఫిడోబ్యాక్టీరియా, రోజ్‌బ్యూరియా, ప్రాస్నిట్జియై, సిండెన్స్ అని నాలుగు గళ్లు గీసుకున్నాను. నాకు దొరికిన పేపర్లన్నీ చదివి ఆ 24 గళ్లలో ఐదు నింపగలిగాను. మిగతా పందొమ్మిదీ మీ కోసం ఖాళీగా ఉంచాను.

మీ పేపర్లు చదివే ఒక మామూలు పాఠకురాలు